కడుపులో బిడ్డ, చేతిలో ఊలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల తప్పిందని తెలిసిన రాత్రే ఒక కాగితం మీద జాబితా రాసుకున్నాను. రెండు టోపీలు, మూడు జతల మేజోళ్లు, రెండు స్వెట్టర్లు, ఒక పెద్ద దుప్పటి, ఒక కుందేలు బొమ్మ. నొప్పులు మొదలయ్యే నాటికి తయారైనవి ఒక టోపీ, ఒక స్వెట్టర్, ఒకటిన్నర జత మేజోళ్లు, పావు వంతు దుప్పటి. కుందేలుకు చెవులు మాత్రం వచ్చాయి. ఆ తర్వాత మా వదిన, ఆఫీసులో స్నేహితురాళ్లు, అల్లిక నేర్పమని వచ్చినవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవి. నేను డాక్టర్ని కాను. ఒంటికి సంబంధించిన ఏ విషయంలోనైనా మీ డాక్టర్ చెప్పిందే వినండి.

కడుపుతో ఉన్నప్పుడు అల్లిక పని చేయొచ్చా?

నిక్షేపంగా చేయొచ్చు. అల్లికతో బిడ్డకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా గంటల తరబడి కదలకుండా కూర్చోవడంతోనే. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, కాళ్లలో నీరు చేరుతుంది, నడుము పట్టేస్తుంది. అందుకని అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. "ఈ వరస అయ్యాక లేస్తా" అనుకుంటే లేవరు, నా మాట నమ్మండి. నేను మంచినీళ్ల సీసా పక్క గదిలో పెట్టుకునేదాన్ని. దాహం వేస్తే లేవాల్సిందే, నీళ్లు తాగాక బాత్రూమ్‌కు లేవాల్సిందే. టైమర్ కన్నా బాగా పనిచేసింది.

మొదటి మూడు నెలల్లో సూది ముట్టుకోవాలనే అనిపించడం లేదు. నాలో ఏమైనా లోపమా?

ఏ లోపమూ లేదు. ఆ రోజుల్లో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ బాగా పెరిగి నిద్ర ముంచుకొస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపే కళ్లు మూతలు పడతాయి. పడుకోండి. అల్లిక ఎక్కడికీ పోదు.

వికారం ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. అసలైన గొర్రె ఊలుకు లానోలిన్ అనే జిడ్డు వాసన ఉంటుంది. మామూలప్పుడు నాకు అదంటే ఇష్టం. రెండో నెలలో మాత్రం ఊలు సంచి తెరవగానే కడుపులో తిప్పింది. సంచి మూతి కట్టేసి అటక మీద పెట్టించి, నాలుగో నెల దాకా నూలు దారంతోనే గడిపాను. ప్రయాణంలో తల వంచుకుని కుట్లు లెక్కపెట్టడం కూడా వికారాన్ని పెంచుతుంది. బస్సులో, కారులో వద్దు.

ఇంకా ఎవరికీ చెప్పలేదు. చిన్న టోపీ అల్లుతూ కనిపిస్తే దొరికిపోతానేమో?

దొరికిపోతారు. అరచేతిలో ఇమిడే మేజోడు చూసి కూడా అర్థం కానివాళ్లు అరుదు. దుప్పటి మొదలుపెట్టండి. మొదట్లో అది మఫ్లరో, శాలువో, ఏదైనా కావచ్చు.

కొందరికి దాచడం కన్నా భయం ఎక్కువ. ఇంతకుముందు ఒకసారి గర్భం నిలవనివాళ్లకు చిన్న బట్టలు చేతిలోకి తీసుకోవాలంటేనే గుండె దడదడలాడుతుంది. అలాంటప్పుడు మీకోసం ఏదైనా అల్లుకోండి. బాలింతగా ఉన్నప్పుడు భుజాల మీద వేసుకునే శాలువా అయినా సరే. బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్ 18 నుంచి 20 వారాల మధ్య జరుగుతుంది. అది అయ్యాక మొదలుపెట్టినా ఇంకా ఇరవై వారాలు చేతిలో ఉంటాయి, ఒక స్వెట్టర్, రెండు టోపీలు తీరిగ్గా అయిపోతాయి. అప్పటికీ మనసు రాకపోతే మొదలుపెట్టకండి. బట్టలు కొనుక్కోవచ్చు.

ప్రసవం లోపల ఎన్ని అల్లగలను?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం. నా జాబితా ఎందుకు మునిగిందో ఇక్కడే ఉంది. లెక్క వేసి చూడండి.

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు. టోపీ సాగి తలకు పట్టుకోవాలి కాబట్టి 33కే అల్లుతాం. డీకే మందం (మరీ సన్నం, మరీ లావు కాని రకం) ఊలు, 4 మి.మీ. సూదులతో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వస్తాయి, అంటే టోపీకి 72. ఒక 28 వరసలు నేరుగా అల్లి, తర్వాత నడినెత్తి వైపు తగ్గించుకుంటూ పోతే మొత్తం సుమారు 2,700 కుట్లు. నిమిషానికి 15 కుట్లు వేసే చేతికి మూడు గంటల పని.

ఇప్పుడు దుప్పటి. అదే ఊలు, అదే సూదులు, 75 సెంటీమీటర్ల చదరం. అన్ని వరసలూ నిట్ కుట్టుతోనే, అంటే అల్లికలో అందరూ మొదట నేర్చుకునే కుట్టుతోనే వేసే గార్టర్ అల్లిక. వెడల్పుకు 165 కుట్లు. గార్టర్‌లో వరసలు దగ్గరగా కూర్చుంటాయి కాబట్టి పొడవుకు దాదాపు 330 వరసలు. గుణించండి: 54,450 కుట్లు! నిమిషానికి 15 చొప్పున అరవై గంటలు. రోజుకు అరగంట దొరికితే నాలుగు నెలలు, అదీ ఒక్కరోజు కూడా మానకుండా. ఇరవై టోపీలూ ఒక దుప్పటీ సమానం అన్నమాట. జాబితాలో నేను రెండిటినీ ఒక్కో గీతలో రాసుకున్నాను. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి.

కాబట్టి నా సలహా: ఒక టోపీ, ముందువైపు బొత్తాలుండే ఒక స్వెట్టర్. ఇవి రెండూ ముప్పై ఆరో వారం లోపల అయిపోవాలి. 37వ వారం తర్వాత ఎప్పుడైనా నొప్పులు రావచ్చు, మొదటి కాన్పు ఆలస్యమే అవుతుందని ఎవరూ రాసివ్వలేరు. మిగతావన్నీ అయితే అయినట్టు, లేకపోతే లేదు. దుప్పటే కావాలంటే 5.5 లేదా 6 మి.మీ. సూదులు, లావు ఊలు పట్టండి. కుట్లు సగానికి పైగా తగ్గుతాయి.

ఆఫీసు, ఇంటిపని, చెకప్‌లు, వీటి మధ్య టైమ్ ఎక్కడిది?

టైమ్ విడిగా దొరకదు. మధ్యలో దొరికిన ముక్కల్లో అల్లాల్సిందే. డాక్టర్ దగ్గర వరస కోసం ఎదురుచూసే సమయం, గ్లూకోజ్ పరీక్షకు తియ్యటి నీళ్లు తాగి కూర్చునే గంట, ఫోన్లో అమ్మతో మాట్లాడే పావుగంట. నా టోపీ మొత్తం ఇలాంటి చోట్లే పూర్తయింది. దానికోసం బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న పని ఉండాలి. చూడకుండా అల్లగలిగేది, ఎక్కడ ఆపినా ఫర్వాలేనిది. స్వెట్టర్ లాంటి లెక్కల పని ఇంట్లోనే.

ఇంటిపని గురించి ఒక మాట. నేను అల్లుతూ కూర్చుంటే మా ఆయన మొదట్లో "ఖాళీగానే ఉన్నావుగా, ఈ బట్టలు మడతపెడతావా?" అనేవాడు. ఆయన తప్పేం లేదు. చేతులు కదులుతున్నా కూర్చున్న మనిషి తీరిగ్గానే కనిపిస్తుంది. ఒక ఆదివారం కూర్చోబెట్టి నిట్ కుట్టు నేర్పించాను. పది కుట్లు వేసేసరికి నుదుట చెమట పట్టింది. ఆ తర్వాత మడతలు ఆయనే పెట్టాడు. మీ ఇంట్లో ఈ చిట్కా పారకపోతే పనులు నేరుగా పంచుకోండి. రాత్రి భోజనం తర్వాత అరగంట నాది అని ముందే చెప్పేయండి.

అల్లికా నిద్రా రెండిట్లో ఒక్కటే దొరికే రోజు నిద్రే పోండి.

రాత్రిళ్లు చేతివేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. అల్లిక మానేయాలా?

నాకు ముప్పై ఒకటో వారంలో మొదలైంది. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుని, చెయ్యి నాది కాదేమో అన్నట్టు విదిలించుకునేదాన్ని. బొటనవేలు, చూపుడు, మధ్యవేలు, ఉంగరపు వేలు ఒక పక్క. చిటికెన వేలు మాత్రం మామూలుగానే ఉండేది. ఆ వేళ్ల లెక్క చెప్పగానే డాక్టరమ్మ నవ్వి, కార్పల్ టన్నెల్ అన్నారు.

మణికట్టు దగ్గర ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య సన్నటి సొరంగం లాంటి దారి ఉంటుంది. వేళ్లను కదిలించే తాళ్లు, మీడియన్ అనే నరం అందులోంచే వెళ్తాయి. గర్భంలో ఒంట్లో నీరు చేరినప్పుడు ఆ ఇరుకు దారి ఇంకా ఇరుకై నరం నలుగుతుంది. చిటికెన వేలికి వెళ్లే నరం వేరు, అది ఈ దారిలో రాదు, కాబట్టి దానికి తిమ్మిరి ఉండదు. గర్భిణుల్లో ఇది బాగా కనిపించేదే. ప్రసవం తర్వాత నీరు దిగిపోయాక చాలామందికి వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది.

అల్లిక దీన్ని పుట్టించదు గానీ రెచ్చగొడుతుంది. మణికట్టు వంచి ఉంచడం, సూదిని బిగించి పట్టుకోవడం, ఒకే కదలికను వేలసార్లు చేయడం దానికి గిట్టవు. నేను చేసిన మార్పులు ఇవి. పడుకునేటప్పుడు మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్ కట్టుకున్నాను, తేడా రెండో రాత్రికే తెలిసింది. పొడవాటి సూదులు పక్కన పెట్టి, మధ్యలో వైరుండే సర్క్యులర్ సూది తీసుకున్నాను. అల్లిన బట్ట బరువంతా ఆ వైరు మీద ఒళ్లోనే ఉంటుంది, మణికట్టు మోయక్కర్లేదు. ఇనుప సూదులు జారిపోతుంటే తెలియకుండానే గట్టిగా పట్టుకుంటాం. వెదురు సూదులు కుట్లను అవే పట్టి ఉంచుతాయి. పావుగంట అల్లి, చేతులు చాపి, వేళ్లు విప్పి మూసి, మళ్లీ పావుగంట. సాగని నూలు దారం కన్నా సాగే ఊలు చేతికి సుఖమని కూడా అప్పుడే తెలిసింది.

తిమ్మిరి పగలు కూడా తగ్గకపోయినా, చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా అల్లిక ఆపి డాక్టర్‌కు చూపించండి.

ఇంకొకటి. చేతులు, ముఖం ఉన్నట్టుండి ఉబ్బితే, దాంతోపాటు తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి ఉంటే అది అల్లిక వల్ల కాదు. 20 వారాల తర్వాత బీపీ పెరిగి వచ్చే ప్రీఎక్లాంప్సియా కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ఎలా కూర్చోవాలి?

నడుము వెనక దిండు, పాదాల కింద చిన్న పీట, మోచేతుల కింద చెరో దిండు. వెలుగు పక్కనుంచి పడాలి. ఏడో నెల దాటాక పొట్టే బల్లలా పనికొస్తుంది, బిడ్డ తన్నినప్పుడు సూది కూడా కదులుతుంది. ఊలు ఉండను గిన్నెలోనో డబ్బాలోనో పెట్టుకోండి. నాది ఒకసారి మంచం కిందకు దొర్లిపోయింది. వంగలేక, ఎవరూ ఇంట్లో లేక, దారం పట్టుకుని లాగుతూ కూర్చున్నాను. ఉండ రాలేదు, దారమే వచ్చింది, ఒళ్లంతా.

మంచం మీద మాత్రం సూదులు వదలకండి. ఎవరో ఒకరు కూర్చుంటారు.

ఏ సైజులో అల్లాలి?

అప్పుడే పుట్టిన బిడ్డ సైజు వద్దు. టోపీ ఒక్కటి చాలు ఆ సైజులో. నెల, రెండు నెలలు తిరిగేసరికి పొట్టి అయిపోయే స్వెట్టర్‌కు వారాల కష్టం దండగ. మూడు నెలల బిడ్డకు ఛాతీ సుమారు 40 సెంటీమీటర్లు, ఆరు నెలలకు 43, ఏడాదికి 45, 46. స్వెట్టర్ ఛాతీ కన్నా నాలుగైదు సెంటీమీటర్లు వదులుగా ఉండాలి. వదులైతే చేతులు మడిచి తొడగొచ్చు, బిగుతైతే ఏమీ చేయలేం.

చాలామంది మరిచేది కాలం. బిడ్డ ఎండల్లో పుడితే ఉన్ని స్వెట్టర్ తొడిగేది చలి మొదలయ్యాక. ప్రసవం తేదీ నుంచి చలి రోజుల దాకా వేళ్ల మీద నెలలు లెక్కపెట్టండి. ఎన్ని వస్తే ఆ వయసు సైజు అల్లండి. మా పాపకు నేను అల్లిన మూడు నెలల స్వెట్టర్ అలమరాలో మడతపెట్టి ఉండగానే పొట్టి అయిపోయింది. లెక్క తెలిసిన మనిషినే, నేనూ మరిచాను.

ఆకారం విషయానికొస్తే, తల మీదుగా తొడిగేది వద్దు. పసిబిడ్డ తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ నిలవదు, ఏడుపు ఖాయం. ముందువైపు తెరుచుకునేదే సుఖం. మెడ దగ్గర మొదలుపెట్టి కిందకు అల్లే రాగ్లాన్ పద్ధతి మొదటిసారికి బాగుంటుంది. అతుకులు కుట్టే పని ఉండదు, ఊలు చాలకపోతే చేతులు పొట్టిగా ఆపేయొచ్చు. కొత్తదనం కావాలంటే అల్లిక పుస్తకాలు రాసిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1968లో రూపొందించిన పసిపిల్లల జాకెట్టు ఒకటుంది. వంకర టింకర బట్ట ముక్కలాగా ఒకే ముక్క అల్లి, చివర్లో రెండు మడతలు పెడితే జాకెట్టు అవుతుంది. అల్లుతున్నంతసేపూ ఏదో తప్పు చేస్తున్నామనే అనిపిస్తుంది.

ఏ ఊలు మంచిది?

మీరు ఉతకగలిగేదే మంచిది. పసిబిడ్డ బట్ట రోజుకు రెండుసార్లు పాలు కక్కించుకుంటుంది, మిగతావి మీ ఊహకే వదిలేస్తున్నా. చేత్తో మాత్రమే ఉతకాలి అని లేబుల్ మీద ఉన్న ఊలును బాలింత ఇంట్లోకి రానివ్వకండి.

మెషీన్‌లో ఉతకదగ్గ సూపర్‌వాష్ మెరినో నా మొదటి ఎంపిక. మామూలు ఊలు పోగుకు చేప పొలుసుల్లాంటి పొలుసులుంటాయి. వేడి నీళ్లలో రుద్దితే అవి ఒకదానికొకటి చిక్కుకుని బట్ట ముడుచుకుపోతుంది. సూపర్‌వాష్‌లో ఆ పొలుసులను నునుపు చేసో, పూత వేసో ఉంచుతారు. నూలు దారం చల్లగా ఉంటుంది, ఎంత ఉతికినా తట్టుకుంటుంది, కాకపోతే బరువు, సాగదు. యాక్రిలిక్ చవక, ఉతకడం తేలిక. చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ రోజూ తొడిగే టోపీకి అది చాలు. దానికి గాలి ఆడదు, మంట తగిలితే కరుగుతుంది, వేడి ఇస్త్రీ పెట్టెను తట్టుకోదు. అంగోరా, మోహైర్ లాంటి నూగు రాలేవి మాత్రం వద్దే వద్దు. బిడ్డ అన్నీ నోట్లో పెట్టుకుంటుంది, ఆ నూగు నోట్లోకి, ముక్కులోకి పోతుంది.

మెత్తదనం చేతివేళ్లతో తెలియదు. ఉండను మెడ పక్కన, లేదా మోచేయి లోపలి వైపు కాసేపు రుద్ది చూడండి.

ఎంత కొనాలంటారా? డీకే మందంలో టోపీకి 30 గ్రాములు, మేజోళ్లకు 20, చిన్న స్వెట్టర్‌కు 150 దాకా. దుప్పటికి 350, 400 పెట్టుకోండి. ఒకేసారి, ఒకే డై లాట్ (ఒకేసారి రంగు వేసిన బ్యాచ్) నంబరువి కొనండి. లేకపోతే చేతులు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు.

పాత పెట్టెలో అమ్మ దాచిన ఊలు ఉంది. వాడొచ్చా?

పెట్టె మూత తెరవగానే కలరా ఉండల వాసన వచ్చిందా? అయితే ఆగండి. ఆ నాఫ్తలీన్ గోళీలతో దాచిన బట్టలు పసిబిడ్డకు నేరుగా తొడగకూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, కామెర్లు ముదిరిపోతాయి. లోపం ఉందో లేదో పుట్టకముందు మనకు తెలియదు. గర్భిణి కూడా ఆ వాసన పీల్చకపోవడమే మంచిది. పెట్టె ఇంకొకరితో తెరిపించండి. ఘాటుగా పట్టిన ఊలు బిడ్డ బట్టలకు వాడకండి. నేనైతే అలాంటిదాన్ని గుమ్మం దగ్గర పరిచే పట్టా కోసం తీసి పెట్టాను.

వాసన లేనిదైతే దారం తెంపి చూడండి. ఇట్టే తెగితే చివికిపోయిందన్నమాట. గట్టిగా ఉంటే లడీలుగా చుట్టి, ఉతికి, గాలికి ఆరేసి వాడుకోండి. కొత్త బట్టలు దాచేటప్పుడు గోళీలు వేయకండి. శుభ్రంగా ఉతికి గాలి చొరని సంచిలో పెడితే చాలు.

నేను అల్లిన దుప్పటి కప్పి పడుకోబెట్టొచ్చా?

బిడ్డ ఒంటరిగా పడుకున్నప్పుడు వద్దు. ఎంత ప్రేమగా అల్లినా వద్దు. మొదటి ఏడాది బిడ్డ పడక మీద వదులు దుప్పటి, దిండు, మెత్తటి బొమ్మ ఏవీ ఉండకూడదని పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతారు. ముఖం మీదకు వస్తే తనంతట తాను తీసుకోలేదు. గట్టిగా, చదునుగా ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఇంట్లో పడుకున్నప్పుడు టోపీ కూడా వద్దు, బిడ్డకు ఒంటి వేడి బయటికి పోయే ప్రధాన దారి తలే.

మరి దుప్పటి ఎందుకు? ఒళ్లో కూర్చోబెట్టుకున్నప్పుడు, స్ట్రోలర్‌లో కాళ్ల మీద, నేల మీద పరిచి బోర్లా ఆడించేటప్పుడు. మీ కళ్లు బిడ్డ మీద ఉన్నంతసేపూ వాడుకోండి. కారు సీటులో మాత్రం మందపాటి స్వెట్టర్ తొడిగి బెల్టు పెట్టకండి. ఊలు నొక్కుకుపోయి బెల్టు వదులవుతుంది. పల్చటి బట్టల మీద బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి.

చేతులు చల్లగా ఉన్నాయని ఇంకో స్వెట్టర్ తొడిగేస్తుంటారు పెద్దవాళ్లు. పసివాళ్ల చేతులు, కాళ్లు కాస్త చల్లగానే ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ చెమట ఉంటే ఒక పొర తీసేయండి.

బొత్తాలు, రిబ్బన్లు, జాలీ డిజైన్లు?

రిబ్బను, మెడ దగ్గర కట్టే తాడు వద్దు. పోమ్‌పోమ్ వద్దు. బొత్తాలు పెట్టాలంటే గట్టి కుట్టుదారంతో కుట్టి, బలంగా లాగి పరీక్షించండి. ఊడిన బొత్తం నేరుగా నోట్లోకే. పెద్ద కన్నాలున్న జాలీ అల్లిక ఫోటోకు బాగుంటుంది, తొడిగేటప్పుడు ప్రతి కన్నంలో ఒక వేలు ఇరుక్కుంటుంది. మేజోళ్లను లోపలి వైపు తిప్పి చూడండి. వదులుగా వేలాడే దారం కాలివేలికి చుట్టుకుని రక్తం ఆగిపోయేంత బిగుసుకోవచ్చు. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో తెలియనప్పుడు మేజోళ్లు విప్పి వేళ్లు చూడండి, తల వెంట్రుకతో కూడా ఇలా జరుగుతుంది.

ఏ వరసలో ఉన్నానో మరిచిపోతున్నాను. ఒకే చెయ్యి రెండుసార్లు అల్లాను!

నేను రెండూ ఎడమ చేతులే అల్లాను. ఇక ఆ తర్వాత వరస అవ్వగానే కాగితం మీద గీత పెట్టడం మొదలుపెట్టాను. ఫోన్‌లో కూడా పెట్టొచ్చు, కానీ ఫోన్ తీస్తే గంట పోతుంది. పది వరసలకోసారి వేరే రంగు దారాన్ని కుట్లన్నిటి గుండా దూర్చి వదిలేయండి. తప్పు దొరికితే అక్కడిదాకా నిర్భయంగా విప్పుకోవచ్చు. జడలా మెలికలు తిరిగే కొత్త కేబుల్ డిజైన్ మొదలుపెట్టడానికి ఎనిమిదో నెల సరైన సమయం కాదు.

చిన్న తప్పుల్ని వదిలేయండి. ఒక కుట్టు తిరగబడిందని రాత్రి పదకొండింటికి విప్పే పని పెట్టుకోకండి.

నాకు అల్లిక అస్సలు రాదు. ఇప్పుడు నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. స్వెట్టర్‌తో మొదలుపెట్టకండి. 15 సెంటీమీటర్ల చదరాలు అల్లండి, గార్టర్‌లోనే. 33 కుట్లు ఎక్కించడం, చదరం అయ్యేదాకా అల్లడం, కుట్లు మూసేయడం. మొదటిది వంకరగా వస్తుంది, ఐదోది చదరంగా వస్తుంది. ఇరవై ఐదు అయితే కుట్టి కలిపి దుప్పటి చేసుకోవచ్చు. తొమ్మిదే అయ్యాయా? బొమ్మకు దుప్పటి. లేత రంగు ఊలు తీసుకోండి, నల్లటి ఊలులో కుట్లు కనపడవు.

అత్తగారు, పిన్ని, స్నేహితులు అందరూ అల్లి పంపుతామంటున్నారు. ఏమనాలి?

సైజు చెప్పండి. ఒకరికి ఆరు నెలలది, ఒకరికి ఏడాదిది. చెప్పకపోతే అందరూ అప్పుడే పుట్టిన బిడ్డకే అల్లుతారు.

ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చా?

మొదటి కాన్పులో నొప్పులు తొలిదశలో చాలా గంటలు నెమ్మదిగా సాగుతాయి. ఆ సమయానికి చేతిలో ఏదో ఒక పని ఉండడం నాకు మేలు చేసింది. నొప్పి వచ్చినప్పుడు వదిలేసి, పోగానే మళ్లీ పట్టుకున్నాను. నాలుగు వరసలకు ఒక నొప్పి వచ్చేది, తర్వాత రెండు వరసలకు, తర్వాత వరస మధ్యలోనే. ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడు నర్సు ఎంత సేపటికోసారి అని అడిగితే నేను వరసల్లో చెప్పాను. ఆమె నిమిషాల్లో చెప్పమంది.

గార్టర్ పని, చిన్న సర్క్యులర్ సూది, ముదురు రంగు ఊలు. అంతకుమించి వద్దు. సూదులు లోపలికి తీసుకెళ్లనిస్తారో లేదో ముందే అడగండి. సెలైన్ సూది ఏ చేతికి పెట్టాలని అడిగితే ఎక్కువగా వాడని చెయ్యి చూపించండి.

బిడ్డ పుట్టాక మళ్లీ ఎప్పుడు పట్టుకోవచ్చు?

మీకు అనిపించినప్పుడు. నాకు ఏడో వారం దాకా అనిపించలేదు. పాలిచ్చే వేళ అల్లుకోవచ్చనుకున్నాను, ఎంత తెలివితక్కువ ఆలోచనో మొదటి రోజే తెలిసింది. బిడ్డ తల మీద మొనదేలిన సూదులు ఆడించే పని పెట్టుకోకండి. బిడ్డను ఎత్తుకుని అల్లడం కూడా అంతే.

ఈ నెలల్లో మణికట్టు బొటనవేలి వైపు నొప్పి రావచ్చు. బిడ్డను చంకల కింద చేతులు పెట్టి పదేపదే ఎత్తడంతో అక్కడి తాళ్లు వాస్తాయి, డీ క్వెర్వైన్ అంటారు. బొటనవేలు చాపి ఎత్తకుండా, అరచేతులు బిడ్డ కిందకు పోనిచ్చి ఎత్తడం అలవాటు చేసుకోండి. నొప్పి ఉన్నన్నాళ్లు అల్లిక వద్దు.

బిడ్డ పాకడం మొదలుపెట్టేలోపు సూదులు, కత్తెర, కుట్టు గుర్తుల రింగులు అన్నీ మూత ఉన్న డబ్బాలోకి, ఎత్తైన చోటికి వెళ్లిపోవాలి. పని ఆపేటప్పుడు రింగులు లెక్కపెట్టుకోండి.

దుప్పటి పావు వంతు దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

ఏ సూదితో, ఏ వరస దగ్గర ఆపారో ఒక చీటీ మీద రాసి దానికే గుచ్చండి. ఆరు నెలల తర్వాత గుర్తుంటుందనుకోకండి. నాకు గుర్తులేదు, చీటీ కూడా రాయలేదు. చివరికి కుట్లు మూసేసి, అక్కడికే సరిపెట్టాను. 75 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు. ఇప్పుడు మా పాప దాన్ని కుందేలుకు కప్పుతుంది. కుందేలుకు ఇంకా ఒళ్లు రాలేదు, చెవులకే కప్పుతుంది.